నల్ల నేరం

తమిళనాట గోడకు మేకు కొట్టి తగిలించే దినసరి కాలెండరు లేని ఇల్లు అరుదు. రోజుకొక కాగితం చింపుతాం. ఆ కాగితం మీద తేదీ పెద్ద అక్షరాల్లోనూ, రాహుకాలం, యమగండం, కుళిగై చిన్న అక్షరాల్లోనూ ఉంటాయి. వాటి సరసనే రెండు మాటలు అచ్చయి ఉంటాయి: 'నల్ల నేరం'. తమిళం వచ్చినవారికి అది మంచి సమయం, శుభకార్యం మొదలుపెట్టడానికి తగిన వేళ. గుంటూరు నుంచో వరంగల్లు నుంచో మన ఇంటికి వచ్చిన చుట్టానికి అదే మాట చదివి వినిపించండి. నల్ల అంటే నలుపు. నేరం అంటే పోలీసులు పట్టుకుపోయేది. ఏ రోజు నల్ల నేరం ఎన్ని గంటలకు చేయాలో గోడ మీద అచ్చువేయించుకునే ఈ జనం ఎలాంటి జనమని ఆయన అనుకుంటే తప్పు ఆయనది కాదు. 1972లో ఎం.జి.ఆర్. ఏనుగులతో నటించిన సినిమా పేరు కూడా 'నల్ల నేరం'. ఆ పేరునే తెలుగు అక్షరాల్లో రాసి గోడకంటిస్తే దొంగల సినిమా అనుకుందురు.

తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట వైపు తెలుగు ఇళ్ళల్లో ఈ నవ్వు పాతదే. పెళ్ళికి వచ్చిన చుట్టాల ముందు ఎవరో ఒకరు ఈ ముచ్చట ఎత్తక మానరు. అయితే ఇందులోని రెండో మాట, నేరం, మన కథల్లోకీ మనం చదివే అనువాదాల్లోకీ వచ్చినప్పుడు వ్యవహారం నవ్వుతో తేలిపోదు. అక్కడ ఒక మనిషి మీద నింద పడుతుంది, లేదా తొలగిపోతుంది. ఆ సంగతే ఇక్కడ రాయదలచుకున్నాను.

ముందు మాట పుట్టుక చూద్దాం. కన్నడంలో 'నేర' అంటే తిన్నగా ఉన్నది, వంకర లేనిది. టీవీలో ప్రత్యక్ష ప్రసారాన్ని వాళ్ళు 'నేర ప్రసార' అంటారు. తెలుగు చెవికి అది దొంగతనాల వార్తల కార్యక్రమం. మలయాళంలో 'నేర్' అంటే నిజం. 2023లో మోహన్‌లాల్ వకీలుగా నటించిన కోర్టు సినిమా ఒకటి ఆ పేరుతోనే వచ్చింది. తమిళంలో 'నేర్' తిన్నదనం, 'నేరడి' సూటి, 'నేర్మై' నిజాయితీ, 'నేరం' సమయం. మలయాళంలోనూ నేరం సమయమే. తెలుగువాళ్ళం మాత్రం తక్కువ తిన్నామా? 'నేరుగా ఇంటికి పో' అని మనమూ అంటాం. నాలుగిళ్ళల్లోనూ తిన్నగా నిలబడిన ఈ 'నేరు' పక్కన తెలుగింట్లో మాత్రం 'నేరం' బోనెక్కి నిలబడి ఉంది.

ఈ రెండూ ఒకే తల్లి బిడ్డలు కావు. తమిళ నేరానిది 'నేర్' వంశం. తెలుగు నేరం పుట్టిల్లు వేరు. అది నేర్చు, నేర్పు, నేరమి అనే మాటల ఇల్లు. పాత తెలుగులో 'నేరను' అంటే నాకు చేతకాదు అని. 'చెప్పనేరము' అంటే మేము చెప్పలేము అని. నేరమి అంటే చేతకానితనం, తెలియనితనం, తప్పు కూడా. అంటే తెలుగువాడు తప్పుకు పేరు పెట్టుకున్నప్పుడు దాన్ని దుర్మార్గమని కాక తెలియకపోవడమని, చేతకాకపోవడమని చూశాడన్నమాట. ఎంత దయగల మాట! నేరస్థుడు, నేరారోపణ, నేరాంగీకారం అని కోర్టు కాగితాల మీద దాన్ని నానబెట్టి నానబెట్టి ఆ దయ కాస్తా పిండేశాం. ఈ పాత అర్థాన్ని పాఠకులు కొంచెం గుర్తుపెట్టుకోవాలి. ముందు మళ్ళీ కావలసి వస్తుంది.

ఒకే రూపం, ఎదురెదురు అర్థాలు. ఇది మన ఒక్కరి బాధ కాదు. ఇంగ్లీషులో 'గిఫ్ట్' అంటే కానుక. డేన్మార్కు భాషలో అదే అక్షరాలతో అదే మాట ఉంది. అక్కడ దానికి రెండర్థాలు: ఒకటి విషం, రెండోది పెళ్ళయిన మనిషి. డేన్మార్కు మనకు మరీ దూరమేమీ కాదు. 1620లో వాళ్ళు తరంగంబాడిలో కోట కట్టుకున్నారు, 1845లో దాన్ని ఇంగ్లీషువాళ్ళకు అమ్మి పోయారు. ఆ తరంగంబాడి మిషనుకు 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మను పాదిరి తరవాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకుని, 1728లో తెలుగుకు వ్యాకరణం రాశాడు; జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. డేన్మార్కు రాజు పంపిన మిషను నౌకరీ చేస్తూ, ఇంగ్లీషు కంపెనీ పట్టణంలో కూర్చుని, తెలుగు నేర్చిన ఆ మనిషి చెవిలో గిఫ్ట్ అన్న మాట ఎన్ని విధాల మోగి ఉంటుందో!

చూడగా గిఫ్ట్ గొడవ మనకు అంత వింతగా తోచదు. మూడర్థాలకూ మూలం ఇవ్వడమే. 'మీ అమ్మాయిని ఎవరికిచ్చారు?' అని మనం అడగమా? ఇచ్చిన పిల్ల పెళ్ళయిన పిల్ల. ఇక విషమూ ఒకరికొకరు ఇచ్చేదే. మనకు 'మందు' లేదూ? వైద్యుడిచ్చేదీ మందే, పురుగులను చంపేదీ మందే, సారాకొట్టులో పోసేదీ మందే. కాబట్టి గిఫ్ట్ ఒక తల్లి కడుపున పుట్టి విడిపోయిన అన్నదమ్ముల కథ. మన నేరం అలా కాదు. వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు ఒకే పేరుతో ఒకే వీధిలో కాపురం పెట్టిన కథ. ఉత్తరం ఒకరికొస్తే ఇంకొకరి ఇంట్లో పడుతుంది.

ఆ వీధి మనది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మనం ఎక్కడికీ పోలేదు, ఎల్లే మన మీదుగా జరిగింది. అందుకే 'ప్రవాసాంధ్రులు' అని ఎవరైనా మనల్ని పిలిస్తే నాకు నవ్వు వస్తుంది. ఎల్ల జరగకముందు నుంచీ ఈ తావున రెండు భాషలూ ఒకే సంతలో తిరిగాయి గనక, సమయమనే అర్థంలో నేరం మన తెలుగులో ఎప్పుడో కలిసిపోయింది. 'నేరమయిపాయ, లే' అంటాం నిద్రపోయే పిల్లవాణ్ణి. 'నేరంతో రా' అంటాం సంతకు పోయేవాణ్ణి. అంటే పొద్దుండగానే ఇల్లు చేరు అని. 'నాకు నేరం లేదు' అంటాం, తీరిక లేదని చెప్పడానికి. ఇదే మాట చిత్తూరు కోర్టులో అంటే జడ్జిగారు విచారణ మొదలుపెడతారు. 'కొంచెం నేరం కూర్చో' అంటాం. 'నేరం కాలం తెలీకుండా వచ్చినాడు' అంటాం. ఇవన్నీ నిరపాయమైనవి. మన ఇళ్ళల్లో వీటికి ఎవరూ తడుముకోరు. వినేవాడికి సందర్భమే అర్థం చెబుతుంది.

అచ్చులోకి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఎందుకంటే అచ్చులో వినేవాడు మన వీధివాడు కాకపోవచ్చు.

మన తావు రచయిత్రి ఒకరు రాసిన కథ కొన్నేళ్ళ కిందట ఆంధ్రదేశపు పత్రిక ఒకదానిలో అచ్చయింది. చెన్నపట్నంలో పనిచేసే పిల్ల, రైలు తప్పిపోయి రాత్రి బాగా పొద్దుపోయాక ఇల్లు చేరుతుంది. వాకిట్లో తల్లి నిలబడి ఉంటుంది. రాతప్రతిలో తల్లి అడిగిన మాట 'ఇంత నేరం ఏం చేస్తివే?' అచ్చులో అది 'ఇంతసేపు ఏం చేశావే?' అయింది. దిద్దినవారిని తప్పుపట్టడానికి లేదు. అర్థం సరిగానే తెలుసుకున్నారు, తమ పాఠకుడికి తెలిసేలా మార్చారు. అదే కథ చివర్లో తల్లి గడప మీద కూలబడి, నుదురు కొట్టుకుని, 'అంతా నా నేరం' అంటుంది. ఈ వాక్యం మీద ఎవరి కలమూ పడలేదు. ఎందుకు పడుతుంది? చూడగానే చక్కని తెలుగు వాక్యం.

అసలు పొరపాటు అక్కడ ఉంది. 'ఎల్లాం ఎన్ నేరం' అని తమిళ తల్లి అంటే తన తప్పు ఒప్పుకోవడం కాదు. అది గ్రహాల మాట. నా కాలం బాగాలేదు, నా రాత ఇలా ఉంది, నా ఖర్మ అని. కోస్తా తల్లి అయితే 'అంతా నా ఖర్మ' అనేది. మన రచయిత్రి తల్లి కూడా ఆ అర్థంలోనే అంది. అచ్చులో మాత్రం ఆ తల్లి ఉన్నట్టుండి తప్పు తనదని ఒప్పేసుకుంది. ఆ కథ చదివిన ఒకాయన, కూతుర్ని పనికి పంపి సంపాదన తిన్న తల్లి చివరికి పశ్చాత్తాపపడిందని మెచ్చుకుంటూ ఆ పత్రికకే ఉత్తరం రాశారు. కథలో పశ్చాత్తాపం లేదు. ఉన్నది పాత అలసట. మార్చనక్కరలేని చోట మార్చారు, మార్చవలసిన చోట మాట తెలిసినదే కదా అని వదిలేశారు. తెలియని మాట కంటే తెలిసినట్టుండే మాటే ఎక్కువ మోసం చేస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం నాకు దొరకలేదు.

ఈ కథ చదివినప్పుడు నాకు జయకాంతన్ గుర్తుకొచ్చాడు. ఆలస్యంగా ఇల్లు చేరిన ఆడపిల్ల, వాకిట్లో తల్లి అనగానే రెండు భాషలూ చదివేవాళ్ళకు ఆయన గుర్తుకు రాకపోడు. 1960లలో 'ఆనంద వికటన్'లో ఆయన 'అగ్నిప్రవేశం' కథ వచ్చింది. వాన సాయంత్రం, బస్సు కోసం నిలబడిన కాలేజీ పిల్ల, కారులో వచ్చిన అపరిచితుడు. జరిగింది తల్లికి తెలుస్తుంది. తల్లి కూతురి తల మీద నీళ్ళు గుమ్మరించి, శుద్ధి అయిపోయావు పో అన్నట్టు మాట్లాడుతుంది. తమిళదేశం గగ్గోలెత్తింది. తల్లి అలా కాక ఇంకోలా చేసి ఉంటే ఏమయ్యేదన్న ఊహతో ఆయన తరవాత నవల రాశాడు. అందులో తల్లి గట్టిగా ఏడుస్తుంది, వీధి వింటుంది, అన్న ఆ పిల్లను ఇంట్లోంచి వెళ్ళగొడతాడు. ఆ పిల్ల గంగ. చదువుకుని ఉద్యోగస్తురాలైన గంగ, ఏళ్ళ తరవాత ఆ కారు మనిషిని వెతుక్కుంటూ పోతుంది. నవల 'దినమణి కదిర్'లో ధారావాహికగా నడిచినప్పటి పేరు 'కాలంగళ్ మారుం'. 1970లో పుస్తకంగా వచ్చినప్పుడు 'శిల నేరంగళిల్ శిల మనిదర్గళ్' అని పేరు మార్చుకుంది. 1972లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 1977లో భీంసింగ్ సినిమా తీస్తే గంగగా వేసిన లక్ష్మికి జాతీయ పురస్కారం వచ్చింది.

తెలుగులోకి తెచ్చినవారు మాలతీ చందూర్. చెన్నపట్నంలో కాపురముండి రెండు భాషలనూ దగ్గరగా చూసినావిడ. పేరు 'కొన్ని సమయాల్లో కొందరు మనుషులు' అని పెట్టారు. సరైన అనువాదం. అక్కడ నేరం అని ఉంచే వీలు ఎవరికీ లేదు. 'కొన్ని నేరాల్లో కొందరు మనుషులు' అని ఊహించుకోండి, డిటెక్టివు నవలల అరలోకి పోతుంది.

అయినా ఒక మాట చెప్పక తప్పదు. తమిళ పుస్తకం అట్ట మీద ఆ పేరు చూసిన తిరుత్తణి తెలుగు పాఠకుడికి రెండూ వినిపిస్తాయి. కొన్ని సమయాల్లో, కొన్ని నేరాల్లో. వినకుండా ఉండలేడు, ఎందుకంటే వాడి చెవి అలా తయారైంది. నవల లోపలికి పోతే ఆ రెండో మోత వట్టి శబ్దంగా మిగలదు. నవలంతా విచారణే. నేరం ఎవరిది? కారు మనిషిదా? ఏడ్చి వీధిని పిలిచిన తల్లిదా? వెళ్ళగొట్టిన అన్నదా? చదివించిన పెద్దరికం చాటున చెడ్డచూపు చూసే వెంకు మామదా? గంగ మీద మోపిన నింద అంతా ఒక సాయంత్రపు నేరానిది, ఒక గంటకు సంబంధించినది. ఆ వేళకు ఆ పిల్లకు ఏమీ తెలియదు. పాత తెలుగు నేరమి అదే కదా, తెలియనితనం. తమిళ నేరం, తెలుగు నేరం, ఆ పాత నేరమి మూడూ ఆ వాన సాయంత్రం కారులో ఒకచోట కూర్చున్నాయి.

దీన్ని జయకాంతన్ ఉద్దేశించాడని నేను అనడం లేదు. ఆయన కడలూరువాడు, తమిళ చెవితో తమిళంలో రాశాడు. మాటల పోలిక పట్టుకుని రచయిత నెత్తిన లేని అర్థాలు రుద్దడం విమర్శ అనిపించుకోదు, అష్టావధానం అనిపించుకుంటుంది. నేను చెప్పేది పాఠకుడి గురించి. తమిళం ఒక్కటే తెలిసినవాడికి ఆ పేరులో విచారణ వినిపించదు. తెలుగు అనువాదం చదివినవాడికీ వినిపించదు. మధ్యలో నిలబడ్డ మనకు వినిపిస్తుంది. రెండు భాషలూ సగంసగం వచ్చినవాళ్ళమని అటువాళ్ళూ ఇటువాళ్ళూ మనల్ని చూసి జాలిపడుతూ ఉంటారు. ఈ నవల దగ్గర మాత్రం వాళ్ళిద్దరూ కొంచెం తక్కువ చదివారు.

దీన్నిబట్టి మన కథల్లో ప్రతిచోటా నేరం అని రాసుకుంటూ పోవచ్చా? పోకూడదనే నా అభిప్రాయం. తెలుగుకు 'పొద్దు' ఉంది. పొద్దుపొడిచింది, పొద్దెక్కింది, పొద్దుగూకింది, పొద్దుపోయింది, పొద్దుపోవడం లేదు. సూర్యుడూ కాలమూ ఆలస్యమూ విసుగూ అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. తమిళ 'పొళుదు' దాని తోబుట్టువే. పళ్ళిపట్టు వైపు ముసలమ్మలు ఇంకా 'పొద్దుబాయ' అనే అంటారు. వాళ్ళ మనమలు 'నేరమాయ' అంటారు. మనమళ్ళ నోట్లో పొద్దు ఆకాశంలో సూర్యుడుగా మాత్రమే మిగిలింది, అదీ ఎన్నాళ్ళో. 2006 నాటి చట్టంతో ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగును చెవితోనే నేర్చుకునే పిల్లలకు, ఇంట్లో వినబడని మాట ఇంకెక్కడా కనబడదు. కొత్త మాట వచ్చి పక్కన కూర్చుంటే నాకు బాధ లేదు. వచ్చిన మాట పాత మాటను లేపి పంపేస్తేనే బాధ. కథ చెప్పే రచయిత తన గొంతుతో రాసేటప్పుడు పొద్దు అనే రాయాలి. పాత్ర నోట్లో నేరం ఉంటే దాన్ని ముట్టుకోకూడదు.

ఇలాంటి పని ఎలా చేయాలో చూపించినవాడు తెలుగు కుటుంబంలో పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ మనిషి, 2021లో పోయాడు. తన నల్లరేగడి నేల వాడుకను కథల్లో దిద్దకుండా రాశాడు. అది అర్థం కావడం లేదన్నవాళ్ళ కోసం భాష మార్చుకోలేదు. 1982లో ఆ ప్రాంతపు వాడుక మాటలకు నిఘంటువు తెచ్చాడు. ఇటు ప్రళయకావేరి దరి తెలుగును స. వెం. రమేశ్ కథల్లో పెట్టారు. తిరుత్తణి, పళ్ళిపట్టు వాడుకకు అలాంటి జాబితా కావాలి. ఒక నోటు పుస్తకం చాలు మొదలుపెట్టడానికి. ముందుగా ఎక్కవలసినవి మనకే వింతగా తోచే మాటలు కావు, వాటిని ఎవరైనా ఆగి అడుగుతారు. నేరంలాగా అందరికీ తెలిసినట్టుండే మాటలు ముందు ఎక్కాలి.

ఆ రచయిత్రి ఇప్పుడు తన కథలను పుస్తకంగా వేస్తున్నారు. ఈ కథ ఎలా వేయాలని అడిగారు. 'ఇంతసేపు' కొట్టేసి 'ఇంత నేరం' మళ్ళీ పెట్టమన్నాను. రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరిన కూతుర్ని వాకిట్లో నిలబెట్టి తల్లి ఆ మాట అడిగితే, ఎల్లకు ఇవతలివాళ్ళకు గంటల లెక్కా, అవతలివాళ్ళకు నిందా వినిపిస్తాయి. ఆ తల్లి గొంతులో రెండూ ఉన్నాయి. చివరి వాక్యం దగ్గర మాత్రం ఇద్దరం తేల్చుకోలేకపోయాం. 'అంతా నా ఖర్మ' అంటే అర్థం తప్పదు గాని, ఆవిడ ఆ మాట మా అమ్మ అనేది కాదంటారు. 'అంతా నా నేరం' అని ఉంచితే ఇంకో ఉత్తరం వస్తుంది. 'నా నేరం బాగాలేదు' అని ఒక మాట కలిపి చూడమన్నాను. పుస్తకం ఇంకా ప్రెస్సుకు పోలేదు.